సూర్యుడికి ముద్ర వేసిన మనిషి

టీ కొట్టు ముందున్న వాళ్ళందరూ కథ చెప్పే మనిషి మొహం వైపు చూస్తుంటే, ఒక్కడు మాత్రం ఎండ వైపు చూస్తున్నాడు. కథ చెప్పే మనిషికి అతను బావమరిది. రోడ్డుకు అవతలున్న ప్రెస్సులో అచ్చు యంత్రం నడుపుతాడు. పొద్దు వాలేకొద్దీ ఎండ కొట్టుకు నీడ కోసం కట్టిన పట్టా కిందికి దూరి లోపలికి పాకుతోంది. ఇప్పటికే మెట్టు ఎక్కేసింది, గ్లాసులు కడిగే బకెట్టు దాకా వచ్చేసింది. అక్కణ్ణుంచి బావ కూర్చున్న బల్ల ఎంత దూరమని? బావ ఒంటి మీద ఇస్త్రీ మడత నలగని తెల్ల చొక్కా. బావమరిది ప్రాణాలన్నీ ఆ చొక్కా జేబులో ఉన్నాయి.

ఎందుకంటే, ఆ ప్రెస్సు మామూలు ప్రెస్సు కాదు. పరీక్ష పట్టాలు, బస్సు పాసులు, ఇళ్ళ కాగితాలు, ఇలా దొంగవి పుట్టించాలని ఎవడికైనా చెయ్యి దురదపెట్టే కాగితాలన్నీ అక్కడే అచ్చవుతాయి. వాటికి ఒక మూల ఎండకు లేచే ఇంకుతో ముద్ర కొడతారు. నీడలో చూస్తే అక్కడేమీ ఉండదు, వట్టి తెల్ల కాగితం. ఎండలో పెడితే మాత్రం ఊదారంగులో ముద్ర పైకి తేలుతుంది. మళ్ళీ నీడలోకి తెస్తే నెమ్మదిగా పాలిపోయి మాయమవుతుంది. కంటికి కనబడని దాన్ని జిరాక్సు తీసేవాడెవడు? కాగితాన్ని కాసేపు ఎండకు చూపిస్తే చాలు, అసలుదేదో నకిలీదేదో తేలిపోతుంది.

ఆ ఇంకును మొట్టమొదట పరీక్షించింది కాగితాల మీద కాదు, చొక్కాల మీద. పనివాళ్ళ తెల్ల చొక్కాలన్నీ ప్రెస్సులో ఒకేచోట ఉతికేవారు. ఏది ఏ గదిదో తెలియక రోజూ తగువే. అందుకని ఇంకు గదివాళ్ళు, ఉతుకులకు మన ఇంకు నిలుస్తుందో లేదో కూడా చూసినట్టుంటుందని, ప్రతి చొక్కా జేబు మీదా గది పేరు ముద్ర కొట్టేశారు. గదిలో తొడుక్కుంటే చొక్కా తెల్లగానే ఉంటుంది. దండెం మీద ఆరేస్తే మాత్రం ఇంకు, అచ్చు, కోత, కుట్టు అని వరసగా పేర్లు లేచి నిలబడతాయి.

బావ పనిచేసింది కోత గదిలో. అచ్చయిన కాగితాల కట్టల్ని పెద్ద కత్తి కింద పెట్టి కొలతకు కోసే గది అది. చేరింది అందులోనే, రిటైరయింది అందులోనే. కానీ టీ కొట్టులో ఎవర్ని కదిపినా, "ఆయనా? ఇంకు గది పెద్దాయన కదూ!" అంటారు. వాళ్ళకెవరు చెప్పారంటే, ఇంకెవరు, బావే.

అంతవరకూ పోనీలే అనుకోవచ్చు. బావ కోతలు ఎవరికీ అన్నం పెట్టవు, ఎవరి అన్నమూ లాక్కోవు. కానీ ప్రెస్సు గేటు పక్కన పాత గోడౌను బాగుచేసి, పాత యంత్రాలూ పాత అచ్చులూ జనానికి చూపించే గది ఒకటి పెడుతున్నారు. వచ్చినవాళ్ళకు దగ్గరుండి చెప్పడానికి ప్రెస్సులో చేసి దిగిపోయిన మనిషి కావాలి. ఎంచేది ఇంకు గదికి కొత్తగా వచ్చిన మేడం. బావమరిది పరుగున వెళ్ళి, "మా బావ ఉన్నాడు మేడం, ఈ ప్రెస్సులో ఆయనకు తెలియని మూల లేదు" అన్నాడు. "ఇంకు గదిలో చేశారా?" అని ఆవిడ అడిగింది. అడ్డంగా ఊపాల్సిన తలను ఇతను నిలువుగా ఊపాడు. అదెందుకలా ఊగిందో ఇప్పటికీ అతనికే తెలియదు.

మేడం నెమ్మదైన మనిషే, కానీ మాట మాత్రం కొలిచి అంది. "పరీక్షలేం వద్దు. రోజూ టీ కొట్టులో మాట్లాడతారట కదా, అక్కడికే వచ్చి వింటాను. ఒక్కటి మాత్రం చెప్తున్నా. మనది దొంగ కాగితం పట్టుకునే ప్రెస్సు. దాని గుమ్మంలో దొంగమాటల మనిషిని కూర్చోబెట్టలేను."

ఆ ఉద్యోగం బావకు ఎంత అవసరమో బావమరిదికి తెలుసు. రిటైరయ్యాక కూడా ప్రెస్సు గంట మోగినప్పుడల్లా బావ చెప్పుల కోసం వెతుకుతాడు. "ఎక్కడికండీ?" అని అక్క అడుగుతుంది. ఒక కాలు చెప్పులో పెట్టి, ఇంకో కాలు గాల్లో ఉండగా అప్పుడు గుర్తొస్తుంది ఆయనకు. ఆ నిలబడిపోవడం చూడలేకే బావమరిది తల నిలువుగా ఊగి ఉండాలి.

ఇవాళ కొట్టు మలుపులో చెట్ల నీడన నడిచొస్తూ బావ ఎదురుపడ్డప్పుడు అతని చూపు నేరుగా జేబు మీదికి పోయింది. బావ తొడుక్కొచ్చింది ప్రెస్సు చొక్కా!

"ఇదెక్కడిది బావా?"

"మీ అక్క బీరువా అడుగునుంచి తీసింది. మేడం గారి ముందు నలిగిన చొక్కాతో కూర్చుంటారా అని ఉతికి గంజిపెట్టి ఇచ్చింది. ఏం, బాలేదా?"

జేబు మీద ముద్ర సంగతి బావకు గుర్తే లేదు. చెప్దామంటే మేడం అప్పటికే గేటు దాటి వస్తోంది. బావమరిది గబగబా రెండు ముక్కలు గొణిగాడు. "బావా, ఈ ఒక్కపూట కోతలు కొయ్యకు. ఎండలోకి రాకు."

"కోతలా? నేనా?" అన్నాడు బావ. నిజంగానే ఆశ్చర్యపోయాడు పాపం.

అలా మొదలైంది. బల్ల మీద బావ, ఎదురుగా స్టూలు మీద మేడం, పక్కన ఒకప్పుడు ఉత్తరాలు పంచిన పోస్టు తాతయ్య, మెడలో టేపు తియ్యకుండానే టీకి వచ్చిన దర్జీ, పొయ్యి దగ్గర కొట్టు నడిపే పిన్ని. బావమరిది మాత్రం ఎండకు వీపుపెట్టి, తన నీడ బావ మీద పడేలా నిలబడ్డాడు.

"గొప్పేం లేదు మేడం, చిన్న విషయం," అని బావ గ్లాసు కింద పెట్టాడు. "ఒకసారి బస్సులో వెళ్తున్నాను. నా పక్క సీటువాడు పాసు చూపించాడు, కండక్టరు సరేనన్నాడు. నాకెందుకో అనుమానం వచ్చింది. బాబూ, ఆ పాసు ఓసారి కిటికీలోంచి బయటపెట్టు అన్నాను. పెట్టాడు. ఎండ పడింది, ముద్ర లేవలేదు. దొంగ పాసు. దిగిపోయాడు. అంతే."

మేడం తల ఊపింది. బావమరిదికి ఊపిరి వచ్చింది. ఇది నిజమే అయి ఉంటుంది కూడా. ఇక్కడితో ఆగితే ఉద్యోగం చేతిలో పడ్డట్టే.

"అంతేనా గురువుగారూ?" అన్నాడు దర్జీ, నిరాశగా.

ఆ మాట అనకుండా ఉండాల్సింది. 'అంతేనా' అనే మాట బావ చెవిన పడితే గాలిపటానికి దారం వదిలినట్టే.

"అంతేనా అంటే, అంతే కాదనుకో," అన్నాడు బావ, బల్ల మీద సర్దుకుని కూర్చుంటూ. "అసలు ఆ ఇంకు లేవడం ఎవరి వల్లనో తెలుసా? మొదట్లో అది లేచేది కాదు మేడం. ఇంకు గదివాళ్ళు కలుపుతున్నారు, వడపోస్తున్నారు, ఎండలో పెడుతున్నారు, ఉహూఁ, ఉలకదు పలకదు. చివరికి నన్ను పిలిచారు. నేను డ్రమ్ము మూత తీసి చెవి పెట్టి విన్నాను. ఏం వినబడిందో తెలుసా? గురక!"

"ఇంకుకా?" అంది పిన్ని.

"ఇంకుకే! నిద్రపోతోంది. చీకటి గదిలో పుట్టింది, దానికి ఎండంటే ఏం తెలుస్తుంది? మేడ మీదికి మోయించి, తెల్లవారకముందే తూర్పు గోడ పక్కన పెట్టి, సూర్యుడు రాగానే, అదిగో నాయనా, ఆయనే, ఆయన్ని చూస్తే నువ్వు లేవాలి, అని నచ్చజెప్పాను. మొదటిరోజు ఒక కన్ను తెరిచింది. రెండోరోజు ఆవులించింది. మూడోరోజు సూర్యుడికన్నా ముందు లేచి కూర్చుంది!"

పోస్టు తాతయ్య గ్లాసులోకి నవ్వాడు. "మా మనవడికి కూడా ఓసారి నచ్చజెప్పరా అబ్బాయ్, పది దాటితే గానీ లేవడు."

"ఇంకుకన్నా మనుషులు మొండి బాబాయ్, అది నా వల్ల కాదు. ఆ తర్వాత ఏమైందో తెలుసా? లేవడం నేర్చుకున్నది ఊరుకుంటుందా, ప్రతిదానికీ లేవడం మొదలుపెట్టింది. టార్చి వేస్తే లేచేది. అగ్గిపుల్ల గీస్తే లేచేది. చివరికి మా మేనేజరు గారు గదిలోకి వస్తే చాలు, ఆయన బట్టతల మెరుపుకే కాగితాలన్నీ ఊదారంగైపోయేవి. ఆయన అటు తిరిగితే పాలిపోవడం, ఇటు తిరిగితే లేవడం. పాపం, ఆయన మంకీ టోపీ పెట్టుకుని ఆఫీసుకు రావాల్సొచ్చింది, మండువేసవిలో!"

కొట్టంతా ఘొల్లుమంది. మేడం కూడా పెదవి బిగబట్టి టీ తాగింది. బావమరిది నవ్వలేదు. ఎండ అతని పక్కనుంచి తప్పుకుని బల్ల కోడు పట్టుకుంది. అతను రెండడుగులు జరిగాడు. తర్వాత పట్టా తాడు ముడి విప్పి, పట్టాను కిందికి లాగి మళ్ళీ కట్టాడు.

"ఏంటి బాబూ, నా కొట్టు మూసేస్తున్నావా?" అంది పిన్ని.

"దుమ్ము పిన్నీ, దుమ్ము పడుతోంది టీలో."

"ఇన్నాళ్ళూ లేని దుమ్ము ఇవాళే వచ్చిందా?"

"మీరూ కూర్చోరాదూ?" అంది మేడం అతనితో. "చెమటలు కారిపోతున్నాయి."

"పర్వాలేదు మేడం. ఎండ ఒంటికి మంచిది."

బావ ఇవేవీ వినే స్థితిలో లేడు. మోకాలి మీద చెయ్యి వేసి ముందుకు వంగాడు. "అప్పుడు నేను దానికి బుద్ధి చెప్పాను. చూడు, ఎవరి మెరుపుకు పడితే వాళ్ళ మెరుపుకు లేస్తే పరువుండదు, మనిషిని చూసి లేవాలి, అన్నాను. అంతే, ఆ రోజునుంచి కాగితం ఎవరి చేతిలో ఉందో మొహం చూసి మరీ లేచేది. సొంతదారు పట్టుకుంటే ఊదా. అప్పు తెచ్చుకున్నవాడు పట్టుకుంటే నీలం. దొంగ పట్టుకున్నాడా, ఎర్రగా కందిపోయేది, కోపంతో!"

"సిగ్గుతో కాదా?" అన్నాడు దర్జీ.

"సిగ్గు దొంగకుండాలి గానీ ఇంకుకెందుకయ్యా? సరే, దొంగలు ఊరుకుంటారా? ఈ ఇంకు ఉన్నంతకాలం మన బతుకు సాగదని ఒక డ్రమ్ము ఎత్తుకుపోయారు. అందరూ గోలపెట్టారు. నేను మాత్రం నింపాదిగా టీ తాగాను. ఎందుకో తెలుసా? డ్రమ్ము అడుగున నేనే చిన్న చిల్లు పెట్టి ఉంచాను. పొద్దున ఎండ రాగానే రోడ్డు మీద చుక్క, చుక్క, చుక్క, ఊదారంగు చుక్కలు. వెంటబడ్డాను. బజారు దాటాను, వంతెన దాటాను, నది అడ్డొచ్చింది. నది మీద కూడా చుక్కలే!"

"నీళ్ళ మీద చుక్కలు ఎలా నిలిచాయి గురువుగారూ? కొట్టుకుపోవూ?"

"నా ఇంకు కదటయ్యా! పెట్టినచోట ఉంటుంది. నది దాని పాటికది కింద పోతోంది, చుక్కలు పైన ఆగి ఉన్నాయి. నేను వాటి మీద అడుగులేసుకుంటూ అవతలి ఒడ్డుకు నడిచి వెళ్ళాను. చెప్పు తడిస్తే ఒట్టు."

బావమరిది కళ్ళు మూసుకున్నాడు. ఒక పక్క కథ ఎండ దాకా పోతోంది, ఇంకో పక్క ఎండ కథ దాకా వస్తోంది. పిన్ని గోడకు తగిలించిన గొడుగు కనబడింది. మెల్లగా తీసి విప్పి బావ పక్కన పట్టుకున్నాడు.

"ఏంట్రా ఇది, నేనేమన్నా ఊరేగుతున్నానా?" అన్నాడు బావ, గొడుగును పక్కకు తోస్తూ. "వినవయ్యా, అసలు ఘట్టం ఇప్పుడొస్తోంది. దొంగల్ని పట్టుకున్నానా, వాళ్ళు అచ్చేసిన దొంగ కాగితాలు అప్పటికే ఊరంతా పాకిపోయాయి. అన్నీ ఎండలో పెట్టి తేల్చాలి. సరిగ్గా అప్పుడే ముసురు పట్టింది. వారమంటే వారం, సూర్యుడు లేడు! జనం కాగితాలు పట్టుకుని ప్రెస్సు ముందు నిలబడ్డారు. నా పట్టా అసలుదా కాదా, నా ఇంటి కాగితం నాదేనా కాదా అని ఏడుపులు. నాకు కడుపు తరుక్కుపోయింది. ఏం చేశానో తెలుసా? గోడలకు రంగేసే పొడుగు కర్రకు కుంచె కట్టి, మేడెక్కి, మబ్బులకు కింది వైపునుంచి ఇంకు పూసేశాను!"

"మబ్బులకు!" అన్నాడు పోస్టు తాతయ్య.

"మబ్బులకే బాబాయ్. పైనుంచి సూర్యుడు కొడుతున్నాడు కదా, కిందున్న ఇంకు లేచింది. ఆకాశమంతా ఊదారంగు! ఆ వెలుగుకు ఊళ్ళో ఉన్న ప్రతి అసలు కాగితం బీరువాల్లోంచి, ట్రంకు పెట్టెల్లోంచి, తలగడల కిందనుంచి ఒక్కసారిగా మెరిసింది. మెరవని కాగితం ఉన్నవాడు వాడంతట వాడే వచ్చి వరసలో నిలబడ్డాడు. ఇక నాకు పనే లేకపోయింది."

"మరి వాన?" అంది పిన్ని. "ఊదారంగు వాన కురిసిందా?"

"కురిసింది. నువ్వు చిన్నపిల్లవి అప్పుడు, గుర్తుండదు."

"నాదీ మీ ఈడే అన్నయ్యగారూ!"

అందరూ నవ్వుతుంటే బావ చెయ్యెత్తి ఆపాడు. ఇప్పుడు ఆయన గొంతు తగ్గింది. గొంతు తగ్గిందంటే ఆకాశం కూడా చాలదని బావమరిదికి అనుభవం.

"ఇదంతా అయ్యాక ఒక రాత్రి కూర్చుని ఆలోచించాను మేడం. కాగితాలకు ముద్ర వేశాం, సరే. మరి ఆ ముద్రను తేల్చేదెవరు? సూర్యుడు. ఆ సూర్యుడికే ఎవడైనా నకిలీ తయారుచేస్తే? దొంగ సూర్యుణ్ణి తెచ్చి నిలబెడితే? మన ఇంకంతా బూడిదలో పోసినట్టే కదా!"

ఈ దెబ్బకు దర్జీ గ్లాసు నోటి దగ్గరే ఆగిపోయింది. "అవును కదా! అప్పుడేం చేశారు?"

"ఏం చేస్తాను? సూర్యుడికి కూడా ముద్ర కొట్టేశాను."

పొయ్యి మీద పొంగుతున్న పాల సంగతి పిన్ని మరిచేపోయింది.

"ఎలా కొట్టారు బాబాయిగారూ?" అంది మేడం. ఆవిడ మొహంలో ఏముందో బావమరిదికి అర్థం కాలేదు. "అంత ఎత్తున ఉంటాడు కదా, కాలిపోరూ?"

"మధ్యాహ్నం వెళ్తే కాలతాం మేడం. సాయంత్రం వెళ్ళాలి. దిగేవేళ ఆయనా అలిసిపోయి ఉంటాడు, వేడి తగ్గి ఉంటుంది, ప్రెస్సు మేడ మీదికి చేతికందే ఎత్తుకు వస్తాడు. నిచ్చెన వేసి, ఊది చల్లార్చి, టప్పున ఒక్కటి కొట్టాను. ఆ ముద్ర వల్లే కదా, చూడండి, ఇన్నేళ్ళలో ఎక్కడైనా దొంగ సూర్యుడు కనబడ్డాడా? రోజూ వచ్చేది అసలువాడే!"

దర్జీ చప్పట్లు కొట్టాడు. "నిజమే గురువుగారూ, ఒక్కడూ కనబడలేదు!"

"అయితే ఆ ముద్ర ఏ పక్కనుంది?" అంది పిన్ని. "మాకెందుకు కనబడదు?"

"తేరిపార చూడగలవా సూర్యుణ్ణి? అదే మరి దాని రహస్యం! ఉండు, ఏ పక్కనో చూపిస్తాను."

బావమరిది గొడుగుతో సహా ముందుకు దూకాడు. "బావా, వద్దు, కూర్చో, టీ చల్లారిపోతోంది—"

కానీ సూర్యుడికి ముద్ర కొట్టినవాణ్ణి గొడుగు ఆపుతుందా? బావ పట్టా కిందనుంచి వంగి బయటికి వచ్చి, రోడ్డు పక్కన నిండు ఎండలో ఛాతీ విరుచుకుని నిలబడ్డాడు. ప్రెస్సు మేడ మీదికి వాలుతున్న సూర్యుడి వైపు చెయ్యి చాచి, "అదిగో, ఎడమ చెంప మీద, కాస్త కిందగా," అని ఎంతో ఓపిగ్గా, అటొక వేలు ఇటొక వేలు పెట్టి, చోటు కొలిచి మరీ చూపించాడు. తర్వాత గిర్రున వెనక్కి తిరిగాడు, వాళ్ళ మొహాలు చూద్దామని.

వాళ్ళు సూర్యుణ్ణి చూడడం లేదు. ఆయన జేబు చూస్తున్నారు.

తెల్లటి గుడ్డ మీద ఊదారంగులో రెండక్షరాలు, గుండ్రటి గీత మధ్యలో, నిన్న కొట్టినట్టు నిగనిగలాడుతున్నాయి. అందరికన్నా ముందున్నది పిన్ని. చదువు పెద్దగా లేదు కాబట్టి కూడబలుక్కుని గట్టిగా చదివింది.

"కో... త."



"కోత!" అంది పిన్ని మళ్ళీ, ఈసారి కూడబలుక్కోకుండా. "ఓరి దేవుడో! ఇంకు నిజంగానే మనిషిని చూసి లేచింది అన్నయ్యగారూ!"

అలాంటి నవ్వు ఆ రోడ్డు అంతకుముందెప్పుడూ వినలేదు. పోస్టు తాతయ్యకు పొలమారింది. దర్జీ టేపుతో కళ్ళు తుడుచుకున్నాడు. బావ వంగి జేబు చూసుకున్నాడు. మళ్ళీ పట్టా కిందికి వచ్చి నిలబడ్డాడు. అక్షరాలు నెమ్మదిగా పాలిపోయాయి.

"ఏదీ? ఏమీ లేదే," అన్నాడు చిన్న గొంతుతో.

"ఎండలోకి పద, చూద్దాం," అన్నాడు పోస్టు తాతయ్య.

బావ వెళ్ళలేదు. బల్ల మీద కూర్చున్నాడు.

మేడం స్టూలు మీదనుంచి లేచింది. నేరుగా బావమరిది దగ్గరికి వచ్చింది. "ఆ రోజు ఇంకు గదిలో చేశారా అని అడిగితే తల నిలువుగా ఊపారు."

"ఆ రోజు మెడ పట్టేసింది మేడం," అన్నాడు బావమరిది, గొడుగు మూస్తూ. "అడ్డంగా తిరగలేదు."

ఆవిడ నవ్వలేదు గానీ, నవ్వకపోవడానికి కష్టపడింది. బావ పక్కన బల్ల మీద కూర్చుని జేబు గుడ్డను రెండు వేళ్ళతో పట్టి చూసింది. "ఎండ ఎక్కువ తగిలితే ఈ ఇంకు నీరసపడిపోతుంది బాబాయిగారూ. ఉతుకులకు అసలే నిలవదనుకున్నాం. పాత చొక్కాలన్నిటి మీదా పోయింది. ఇదెలా ఉంది?"

"మా ఆవిడ బీరువా అడుగున పెట్టింది. చీకట్లో."

"కోత గదిలో ఎన్నాళ్ళు చేశారు?"

"చేరినప్పట్నుంచీ," అన్నాడు బావ.

"మరి ఆ గది సంగతి ఎప్పుడూ చెప్పరేం?"

బావ ఖాళీ గ్లాసును అరచేతిలో తిప్పాడు. "ఏముంది మేడం చెప్పడానికి? కత్తి పైకి పోతుంది, కిందికి వస్తుంది. కట్ట అంచు సరిగ్గా తట్టకపోతే ముద్ర సగానికి తెగుతుంది, కట్టంతా చెత్తలోకి పోతుంది. నా చేతి కింద ఎప్పుడూ తెగలేదు. ఏమీ జరగలేదు కదా, ఇక కథ ఎక్కణ్ణుంచి వస్తుంది?"

పిన్ని పొయ్యి మీదనుంచి గిన్నె దింపి ఆయన గ్లాసు మళ్ళీ నింపింది.

మేడం బల్ల మీదనుంచి లేచింది. "సోమవారం నుంచి రండి," అంది.

బావమరిది తన చెవులను నమ్మలేదు. "మేడం, మరి దొంగమాటల మనిషిని..."

"దొంగ కాగితంతో చిక్కేమిటంటే, ఎండలో పెడితే దాని మీద ఏమీ లేవదు. ఈయన మీద లేచింది కదా." ఆవిడ బావ వైపు తిరిగింది. "గదిలో నీడ ఉంటుంది. అక్కడ మబ్బులకు రంగు పుయ్యండి, నది మీద నడవండి, మీ ఇష్టం. పిల్లలకు ఇంకు సంగతి నేను చెప్తే నిద్రపోతారు, మీరు చెప్తే నిద్రలేస్తారు. కానీ చివర్లో అందర్నీ గుమ్మం బయటికి తీసుకొచ్చి, ఎండలో నిలబడి, జేబు చూపించాలి. మేం చేసే పని ఏమిటో వాళ్ళకు అప్పుడు అర్థమవుతుంది. ఆ ఏమీ జరగని కథ కూడా చెప్పాలి. రోజూ ఎండకు ఈ చొక్కా అలిసిపోతుంది కాబట్టి, కొత్తది కొట్టిస్తాను."

"కొత్త చొక్కా మీద ఏమని ముద్ర?" అన్నాడు దర్జీ ఆశగా.

"అదే ముద్ర," అంది మేడం.

ఆవిడ గేటు లోపలికి వెళ్ళేదాకా బావ లేచి నిలబడే ఉన్నాడు. తర్వాత కూర్చున్నాడు. టీ ఒక గుక్క తాగాడు. ఇంకో గుక్క తాగాడు. మొహంలోకి రంగు మెల్లగా తిరిగొచ్చింది, అచ్చం ఎండలో పెట్టిన కాగితంలాగే.

"అసలు ఈ ముద్ర జేబు మీదికి ఎలా వచ్చిందో తెలుసా?" అన్నాడు.

"బావా!" అన్నాడు బావమరిది.

"ఉండరా. నేను ఆయనకు ముద్ర కొడితే ఆయన ఊరుకుంటాడా? పెద్దమనిషి కదా. కిందికి దిగుతూ దిగుతూ, నాకు తిరిగి ఒకటి కొట్టాడు!"

"సూర్యుడే కొట్టాడా?" అంది పిన్ని, గ్లాసులు కడుగుతూ.

"స్వయంగా!"

"ఎన్ని మాటలు లేవు అన్నయ్యగారూ, మరి 'కోత' అనే ఎందుకు కొట్టాడంటారు?"

బావ గ్లాసు ఎత్తి మొహానికి అడ్డం పెట్టుకున్నాడు.

"పైనుంచి రోజూ మీ మాటలు వింటున్నాడు పాపం," అంది పిన్ని. "తెలియదా ఏం కొట్టాలో?"

ఆ సాయంత్రం బావమరిది అక్క దగ్గరికి పరుగెత్తాడు, కబురు చెప్దామని. అక్క వాకిట్లో ఆరిన బట్టలు తీస్తోంది. అతను నోరు తెరవకముందే తనే అడిగింది.

"మీ బావ ఎండలోకి ఎప్పుడొచ్చాడ్రా?"

అతను గుమ్మంలోనే ఆగిపోయాడు. "అక్కా! నీకు ముద్ర సంగతి తెలుసా?"

"నిన్న ఉతికి ఆరేసింది నేను కాదూ? దండెం మీద ఎంత చక్కగా లేచిందనుకున్నావు! ఒక్కదాన్నే నిలబడి నవ్వుకున్నాను."

"తెలిసి తెలిసి ఆ చొక్కా ఇచ్చావా? ఉద్యోగం పోయుంటే?"

అక్క చీర మడత విదిలించి భుజాన వేసుకుంది. "ఇంకు గది మనిషినని చెప్పి లోపల కూర్చుంటే, రోజూ భయపడుతూ కూర్చోవాలి. ఆయన భయపడుతూ కథ చెప్తే బాగుండదురా. నాకు తెలుసు, నేను విన్నాను కదా అన్నీ."

సోమవారం పొద్దున బావను తీసుకెళ్దామని బావమరిది వచ్చేసరికి ప్రెస్సు గంట మోగింది. లోపలి గదిలో హడావిడిగా అడుగుల చప్పుడు, మంచం కింద చెయ్యి పెట్టి వెతుకుతున్న చప్పుడు. అక్క పొయ్యి దగ్గరనుంచి తల తిప్పింది. రోజూ అడిగే మాట అడగలేదు.

"గుమ్మం దగ్గర పెట్టానండీ," అంది. "రెండూ."